‘లేరు’ అనలేని మనిషి

మొన్న ఆదివారం ఒక అమ్మాయి ప్లాస్టిక్ ఫైలు చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. దొనకొండ వైపు పల్లె వాళ్ళది. పెళ్ళయి ఏడాది కాలేదు. భర్త అమెరికాలో ఉన్నాడు, ఈ పిల్లకు వీసా ఇంటర్వ్యూ పడింది. వెంట వచ్చిన వాళ్ళ నాయన గడప దగ్గరే నిలబడి, "సార్, మీరు ముందు ఒకాయనకు ఇంటర్వ్యూ నేర్పించినారంట గదా, మా పాపకు గూడా రెండు ముక్కలు చెప్పండి" అన్నాడు.

"నేర్పించిన మాట నిజమే. కానీ ఆయన నేను నేర్పించినట్ల చెప్పలేదు" అన్నాను.

"అయితే వీసా రాలేదా సార్?"

"వచ్చింది. కూచోండి."

ఆ అమ్మాయికి నాకు తెలిసినంత చెప్పి పంపించాను. వాళ్ళు వెళ్ళిపోయాక మాత్రం ఆయనే మనసులో మెదులుతూ ఉన్నాడు. ఆయన చనిపోయి ఏడాది దాటింది. మనిషి ఇక్కడ ఉన్నప్పుడూ మాట వినపడేది కాదు, పోయినప్పుడూ అట్లాగే చప్పుడు లేకుండా పోయాడు.

నేను గిద్దలూరు హైస్కూల్లో హిందీ చెప్పి రిటైరయ్యాను. కొమరోలు దారిలో మాకు చిన్న బత్తాయి తోట ఉంది. ఆయన ఆ చుట్టుపక్కల బోరు మోటార్లు బాగుచేసేవాడు. మోటారు కాలిపోతే విప్పి, కొత్త రాగి తీగ చుట్టి, మళ్ళీ బోరులోకి దించేవాడు. మా తోటకు మొదటిసారి వచ్చినప్పుడు, ఏమైందో చెప్పమని నేను అడిగితే ఎంతకీ పలకలేదు. చెవుడేమో అనుకుని గొంతు పెంచి మళ్ళీ అడిగాను. అప్పుడు తలెత్తి, "వినపడింది అన్నా. ఏం చెప్పాల్నా అని చూస్తాండా" అన్నాడు.

ఆయన తీరే అంత. ఏ మాటకైనా జవాబు ఉండేది, రావడానికి కొంచెం సేపు పట్టేది. ఫోనులో అయితే మరీ ఇబ్బంది. అవతలివాళ్ళు లైను తెగిపోయిందనుకుని "హలో హలో" అని పెట్టేసేవాళ్ళు. ఆయన ఫోను చెవి దగ్గరే పట్టుకుని, తీరిగ్గా చెప్పాల్సింది చెప్పి, అప్పుడు చూసుకునేవాడు. అయినా ఎవరి మీదా విసుక్కున్నది నేను చూడలేదు. మా ఆవిడ కాఫీ ఇస్తే గ్లాసు అందుకునే ముందు రెండు చేతులూ ప్యాంటుకు వెనకవైపు తుడుచుకునేవాడు. అప్పుడే సబ్బుతో కడుక్కుని వచ్చినా సరే, తుడుచుకోవాల్సిందే.

ఆయన భార్య నర్సు. పెళ్ళయిన కొత్తలో మార్కాపురంలో ఒక ఆస్పత్రిలో పనిచేసేది. తర్వాత సౌదీ పోయింది. అక్కడినుంచి పరీక్షలు రాసి అమెరికా పోయింది. అమెరికాకు ఇద్దరూ కలిసే పోవాల్సింది గానీ, అప్పటికి ఆయన తల్లి పక్షవాతంతో మంచంలో ఉంది. ఆమెకు తిండి పెట్టి, ఒళ్ళు తుడిచి, పక్క మార్చడానికి ఇంకెవరూ లేరు. "నువ్వు పో, చూద్దాంలే" అని భార్యను పంపించి తను ఆగిపోయాడు. చూద్దాంలే అనేది ఆయన ఊతపదం. తల్లి పోయాక, భార్య అక్కడ మళ్ళీ మొదటినుంచి దరఖాస్తు పెట్టింది. అది కదిలి కదిలి ఇంటర్వ్యూ దాకా వచ్చేసరికి ఇద్దరికీ కణతలు నెరిశాయి.

పల్లెలో ఊరుకుంటారా. మగవాడు ముందు పోయి పెళ్ళాన్ని తీసుకుపోవడం వాళ్ళు చూసిందే గానీ, ఇది తలకిందులుగా ఉంది. ఒకరోజు నేనూ ఆయనా కొమరోలు బస్టాండులో టీ తాగుతుంటే, ఒకడు అటుగా పోతూ, "ఏమబ్బా, పెండ్లాం కొంగు పట్టుకొని పోతాండావంట" అని నవ్వాడు. ఆయన గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. వాడు రోడ్డు దాటి, బస్సెక్కి, బస్సు కూడా కదిలింది. అప్పుడు ఆయన తలెత్తి, "పట్టుకుంటే తప్పేముంది" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో ఆయనకు అర్థం కాలేదు.

ఇంటర్వ్యూ ముంబైలో. అక్కడ తెలుగు దుబాసీ ఉండవచ్చు, ఉండకపోవచ్చు, హిందీ అయితే ఖాయంగా ఉంటుందని ఎవరో చెప్పారట. దాంతో నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, నాకు హిందీ నేర్పిస్తావా" అని అడిగాడు. బజారులో సాయిబులతో మాట్లాడే నాలుగు ముక్కలు ఆయనకు ముందే వచ్చు. సాయంత్రం పని అయిపోయాక మా వసారాలో మంచం కొసన కూర్చునేవాడు. నేను ఆఫీసరును. ఆయన ఆయనే.

దానికి ముందు మార్కాపురంలో వీసా కాగితాలు రాసిపెట్టే దుకాణానికి ఒకసారి ఇద్దరం పోయాం. అక్కడి కుర్రాడు కాగితాలన్నీ చూసి, పెదవి విరిచాడు. పెళ్ళి ఫోటోలు కొన్నే ఉన్నాయి. ఇద్దరూ కలిసి ఉన్నది తక్కువ, విడిగా ఉన్నది ఎక్కువ. పిల్లలు లేరు. "ఇది నిజం పెండ్లేనని వాళ్ళు నమ్మాల గదన్నా. మీ ఇద్దరి వాట్సాప్ చూపించు" అన్నాడు. ఆయన ఫోను ఇచ్చాడు. కుర్రాడు వేలితో పైకి తోస్తూ పోయాడు. ఏ రోజు చూసినా ఒకటే. "తిన్నావా." "తిన్నా." "నువ్వు?" "తిన్నా." మధ్యలో ఎప్పుడైనా, "వాన పడింది."

"ఇట్లయితే ఎట్లన్నా? ఇది చూస్తే మొగుడూ పెండ్లామని ఎవురంటారు?"

ఆయన ఆలోచించి, "మరి ఏం రాయాల?" అని అడిగాడు.

"ప్రేమగా రాయి. నువ్వు లేక దిగులుగా ఉందని రాయి. ఇప్పట్నించి రోజూ రాయి."

ఆ పూటే అక్కడ బల్ల మీద కూర్చుని, కుర్రాడు చెప్పినట్టే రాసి పంపాడు. మేం మెట్లు దిగకముందే ఫోను మోగింది. భార్య గొంతు నాకు కూడా వినపడుతోంది. "ఏమయింది? ఒంట్లో బాగలేదా? ఎవురన్నా పోయినారా? నిజం చెప్పు." ఆయన మెట్ల మీద నిలబడి ఆమెను సమాధానపరచడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత మళ్ళీ "తిన్నావా"లోకే దిగిపోయాడు.

ఆ కుర్రాడే ఇంకో మాట కూడా చెప్పాడు. "పిల్లలున్నారా అని అడుగుతారు. లేరు అని టకీమని చెప్పాల. ఎందుకు లేరు, ఏంది, ఆ కథలన్నీ ఎత్తుకోవద్దు. ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది." ఆయన సరేనన్నట్టు తలాడించాడు.

మా వసారాలో ఇంటర్వ్యూలు బాగానే సాగేవి. పెళ్ళి ఎక్కడ జరిగింది? కొమరోలు దగ్గర మా ఊరి చర్చీలో. ఎవరు చేశారు? పాస్టరు. మీ భార్య ఏం పని చేస్తుంది? నర్సు. పగలా, రాత్రా? వారం వారం మారుతుంది. ఆమెకు ఇష్టమైన కూర? ఈ ప్రశ్నకు మాత్రం జవాబు ఎప్పుడూ వెంటనే వచ్చేది. "గోంగూర. ఎండుమిరపకాయలు ఎక్కువ వెయ్యాల." "పిల్లలు?" అన్నప్పుడు మాత్రం పక్కనున్న చెంబెత్తి నీళ్ళు తాగేవాడు. తాగి, మూతి తుడుచుకుని, "లేరు" అనేవాడు. "అంతసేపు ఆగితే అనుమానం వస్తాది తమ్ముడూ, గబుక్కున చెప్పు" అని నేను గుర్తుచేసేవాణ్ణి. పిల్లలు లేని మనిషికి అది కష్టమైన ప్రశ్నే గదా అనుకున్నాను. అంతకు మించి నాకు తోచలేదు, ఆయనా చెప్పలేదు.

గిద్దలూరులో రైలెక్కి గుంతకల్లులో మారి ముంబై పోయాం. తోడు రమ్మని ఆయన అడగలేదు. "నువ్వొస్తే బాగుంటాది గానీ, తోటలో పనుంటాది గదా" అన్నాడు. అది అడగడమే. ఇంటర్వ్యూ రోజు పొద్దున తెల్లచొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని, కాగితాలు పట్టుకుని గేటులోపలికి పోయాడు. నేను రోడ్డుకు అవతల, నాలాంటి తోడొచ్చినవాళ్ళ మధ్య నిలబడ్డాను. పంజాబు పెళ్ళికూతుళ్ళు, గుజరాతీ ముసలివాళ్ళు, అందరి ముఖాలూ ఆ గేటు వైపే. బయటికొచ్చేవాళ్ళ నడక చూసి, వచ్చిందో రాలేదో పక్కవాళ్ళు చెప్పేస్తున్నారు.

ఆయన నడకలో మాత్రం ఎవరికీ ఏమీ తెలియలేదు. మామూలుగానే వచ్చి, నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో ఒక కాగితం ఉంది. నాకిచ్చాడు. వీసా ప్రస్తుతానికి ఆపి ఉంచాం, అడిగిన ఆధారాలు తెచ్చి ఇస్తే మళ్ళీ చూస్తాం అని దాని సారాంశం.

"ఏమైంది? ఏం అడిగినారు?"

ఆయన ఎదురుగా పోతున్న బండ్లను చూస్తూ చాలాసేపు ఉన్నాడు.

"లేరు అనలేకపోయినా అన్నా" అన్నాడు.

"ఎవురు?"

"పాప."

అప్పుడు చెప్పాడు. పెళ్ళయిన రెండో ఏట వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండక ముందే, మార్కాపురంలో భార్య పనిచేసే ఆస్పత్రిలోనే పుట్టింది. వారం కూడా బతకలేదు. ఊరి చర్చీ వెనక మట్టి చేశారు. ఆ తర్వాత ఆరు నెలలకే భార్య సౌదీకి దరఖాస్తు పెట్టుకుంది. ఆ ఇంట్లో ఉండలేకపోతోందని ఆయనకు తెలుసు. తెలిసి, పొమ్మన్నాడు. ఆ పాప గురించి వాళ్ళిద్దరూ ఆ రోజునుంచి ఒక్క మాట కూడా అనుకోలేదు. ఎత్తితే ఆమె ఏడుస్తుందని ఆయన, ఎత్తితే ఈయన తట్టుకోలేడని ఆమె, ఇన్నేళ్ళూ "తిన్నావా, తిన్నా" అనుకుంటూ గడిపేశారు.

"ఆడ కిటికీ అవతల చిన్న వయసు తెల్లమ్మాయి కూచోనుంది. పక్కన తెలుగు చెప్పే ఆమె ఉండాది. అన్నీ బాగనే చెప్పినా. పిల్లలున్నారా అనింది. నీళ్ళు లేవు గదన్నా ఆడ. నోట్లో మాట అట్లనే ఉండిపోయింది. తెలుగామె రెండోసారి అడిగింది. ఒక పాప ఉండె, పోయింది అని చెప్పినా. ఆ తెల్లమ్మాయి కాగితాలన్నీ తిరగేసింది. దీంట్లో యాడా లేదే అనింది. బతికున్నోళ్ళనే రాయాలన్నారు, రాయలేదు అన్నా. రాయకపోయినా ఉండె గదమ్మా అన్నా."

"ఆమె ఏమనింది?"

"సారీ అనింది. తర్వాత ఈ కాగితం ఇచ్చింది."

ఆయన్ని ఎన్నాళ్ళనుంచో ఎరుగుదును. మా వసారాలో ఆయన ఎన్నిసార్లు నీళ్ళు తాగాడో గుర్తొచ్చింది. చివరికి, "ఆ ఒక్క మాట చెప్పేసుంటే ఈపాటికి అయిపోయేది గదా తమ్ముడూ" అన్నాను. ఆయన్ని తప్పుపట్టాలని కాదు, దిగులుకొద్దీ అన్నాను.

"అవునన్నా" అన్నాడు. "అయిపోయేది."

ఆధారాలు తేవాలి. పాప పుట్టినట్టు, పోయినట్టు. మార్కాపురం మునిసిపాలిటీలో వెతికిస్తే ఎక్కడా నమోదు లేదు. అంత పసిపిల్ల విషయం ఆ రోజుల్లో ఎవరూ వచ్చి రాయించేవాళ్ళు కాదని అక్కడి గుమాస్తా మంచిగానే చెప్పాడు. నమోదు లేదని ఒక ధ్రువపత్రం రాసిచ్చి, కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరి చేత ప్రమాణపత్రాలు రాయించుకోమన్నాడు. ఒకరు పాపను మట్టిచేసినప్పుడు ప్రార్థన చేసిన పాస్టరు. ఆయన ముసలివాడైపోయాడు గానీ ఊళ్ళోనే ఉన్నాడు, అడగంగానే ఒప్పుకున్నాడు. రెండోది కాన్పుకు డ్యూటీలో ఉన్న నర్సు. రిటైరై దొనకొండలో కొడుకు దగ్గర ఉంటోంది. ఇద్దరం ఆమె దగ్గరికి పోయాం.

ఆమె కళ్ళజోడు సవరించుకుని ఆయన్ని పరీక్షగా చూసింది. సంగతి చెప్పగానే, "గుర్తులేకుండా ఎట్ల పోతాది నాయనా. నాతోబాటు పనిచేసిన పిల్ల గదా నీ భార్య. ఆ బిడ్డకు అన్నీ తల్లి పోలికలే, చెవులు మాత్రం నీవి. ఇంత ఇంత చెవులు" అంది.

ఆయన బిడ్డను చూసింది గుడ్డలో చుట్టి ఉండగానే. చెవులు చూడలేదు. ఆ మాట వినగానే చెయ్యి దానంతటదే పైకి లేచి తన చెవి తడుముకుంది. అక్కడున్నంతసేపూ ఆ చెయ్యి కిందికి దిగలేదు. తిరుగు బస్సులో నన్ను ఒకే ఒక్క మాట అడిగాడు. "నా చెవులు అంత పెద్దవా అన్నా?" పెద్దవే అన్నాను. సంతోషపడ్డాడు.

మార్కాపురం కోర్టు దగ్గర టైపు చేసే మనిషి ముందు కూర్చున్నాం. పాస్టరూ, దొనకొండ నర్సమ్మా కూడా సంతకాలకు వచ్చి బల్ల మీద కూర్చున్నారు. టైపిస్టు తేదీ అడిగాడు, ఊరు అడిగాడు, అన్నీ చెప్పాడు. "బిడ్డ పేరు?" అన్నాడు.

టైపిస్టు తలెత్తి చూశాడు. "పేరు పెట్టలేదా అన్నా? పెట్టకపోతే ఆడశిశువు అని కొడతా."

"ఉండు" అని ఆయన లేచి వరండాలోకి పోయాడు. ఫోను తీశాడు. అక్కడ ఆమెకు అప్పుడు రాత్రి, డ్యూటీనుంచి వచ్చి ఉంటుంది. మాకు మాటలు వినపడలేదు. మనిషి కనపడుతున్నాడు. మొదట గోడకు మొహం పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత గోడకానుకుని, తర్వాత కింద చతికిలబడ్డాడు. వరండాలో లాయర్లూ కక్షిదారులూ ఆయన కాళ్ళు దాటుకుంటూ తిరుగుతున్నారు. టైపిస్టు విసుక్కోలేదు. వేరే వాళ్ళ కాగితం ఎక్కించి కొట్టుకుంటూ కూర్చున్నాడు. పాస్టరు కళ్ళు మూసుకుని ఉన్నాడు.

ఆయన తిరిగి వచ్చేసరికి మొహం కడుక్కున్నాడు, చొక్కా ముందంతా తడిసి ఉంది.

"రెండు పేర్లు రాయొచ్చా?" అని అడిగాడు.

"ఒక బిడ్డకు రెండు పేర్లేందన్నా?"

"ఆమె కృప అని పెట్టుకొనిందంట. కడుపులో ఉన్నప్పట్నించి అట్లనే పిల్చుకునేదంట. నాకు తెల్దు. నేను రూతు అని పెట్టుకున్నా. మా నాయనమ్మ పేరు. అది ఆమెకు తెల్దు." టైపిస్టును చూసి కాదు, మమ్మల్నందర్నీ చూసి చెప్పాడు.

"కలిపి కొట్టు బాబూ" అన్నాడు పాస్టరు కళ్ళు తెరిచి. "రూతు కృప. మంచి పేరే."

టైపిస్టు కొట్టాడు. ఆయన వెనకనుంచి వంగి, ఆ అక్షరాలు పడటం చూశాడు.

కాగితాలన్నీ పంపాక చాలా రోజులు ఏ కబురూ రాలేదు. ఆయన మళ్ళీ మోటార్ల పనిలో పడ్డాడు. నేనే ఉండబట్టలేక అడిగేవాణ్ణి. "చూద్దాంలే అన్నా" అనేవాడు. వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం మా తోటకు వచ్చి, గట్టు మీద కూర్చుని, మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు పాస్‌పోర్టు తీసి చూపించాడు. వీసా ముద్ర పడి ఉంది. అది వచ్చి నాలుగు రోజులైందట. చెప్పడానికి సమయం కుదరలేదట, కొమరోలులో ఎవరివో మిరపతోటలు ఎండిపోతుంటే వాళ్ళ మోటార్లు దించి వచ్చాడట.

వెళ్ళాక అప్పుడప్పుడూ ఫోను చేసేవాడు. అక్కడ పెద్ద అపార్టుమెంట్ల సముదాయంలో మరమ్మతు పని దొరికిందన్నాడు. పని బాగుందన్నాడు, చలి బాగలేదన్నాడు. అట్లా కొన్నేళ్ళు గడిచాయి. నిరుడు వానాకాలంలో, పనిలో ఉండగానే గుండె ఆగి పోయాడు. అక్కడే సమాధి చేశారు.

తర్వాత ఆయన భార్య చర్చీలో జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక పెట్టించడానికి ఊరికి వచ్చింది. కూడిక అయ్యాక మా ఇంటికి వచ్చి, మా ఆవిడ పక్కన కూర్చుంది. నేను ఆమెను దగ్గరగా చూడటం అదే మొదటిసారి. ఏడవలేదు. మా ఆవిడ చెయ్యి పట్టుకుని, తనంతట తనే చెప్పుకుపోయింది.

"ఆ మనిషి అమెరికా వచ్చిన దినం తీసుకురాను ఎయిర్‌పోర్టుకు పోయినా బావగారూ. బయటికొచ్చి, సన్నపడినావే అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. పెట్టె కారులో పెట్టినాం. రోడ్డెక్కినాం. ఇంక ఇంటికి పోయిందాక ఈయన పలకడులే, నాకు అలవాటే గదా అనుకుంటాండా. అప్పుడు మొదలుపెట్టినాడు. పాప పోయిన రోజు ఏమేం జరిగింది, మట్టి ఎవురు తీసినారు, తను ఆ రోజు ఏం తిన్నాడు, నేను సౌదీ పోయినాక ఎన్నిమార్లు పోయి ఆడ కూచున్నాడు, దొనకొండ అక్క చెవుల గురించి ఏం చెప్పింది, అన్నీ. నన్ను ఒక్క మాట గూడా అననియ్యలేదు. అంత మాట్లాడతాడని నాకు తెల్దు.

"రోజూ పోయే రోడ్డే బావగారూ. మా ఇంటికి తిరగాల్సిన మలుపు వచ్చింది. నేను చూసినా. తిరిగితే ఇంటికొస్తాం, ఇల్లొస్తే దిగాల, దిగితే మాట ఆగిపోతాది గదా అని, నేరుగా పోనిచ్చినా. ఆయనకు దారి తెల్దు గదా. చెప్తానే ఉన్నాడు. నేను నడుపుతానే ఉన్నా."